గోరు చెప్పే సంగతులు



గోటికి సొంత రంగు లేదు. అది కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైన పలుచని పలక. దాని కింది రక్తనాళాల వల్లే గులాబీ రంగు కనబడుతుంది. బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్ళీ రంగు రావాలి.

హిమోగ్లోబిన్ తగ్గితే గోరు పాలిపోతుంది. ఇనుము లోపం చాలాకాలం సాగితే గుంటపడి చెంచాలా మారుతుంది కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. భోజనాల వరుసలో పదిమంది కూర్చుంటే ఐదారుగురు అన్నమాట!

మా అమ్మ కోరుట్ల దగ్గరి పల్లెలో బీడీలు చుట్టి నన్ను చదివించింది. తంబాకు మరకలతో ఆమె గోళ్ళు ఎప్పుడూ గోధుమరంగే. పండుగొస్తే వాటిమీద మైదాకు. ఆయాసపడితే "పొద్దంత చాట ముంగట కూసుంటే గట్లనే ఉంటది" అనేది. డిగ్రీలో నేను హిమోగ్లోబిన్ పాఠం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కాని అమ్మ చేతులు చూడలేదు. కొండగట్టు అంజన్న దర్శనానికి వెళ్ళినప్పుడు మెట్ల మీద కూలబడింది. అప్పుడు కింది కనురెప్ప లాగి చూశాను. లోపల తెల్లగా ఉంది. పరీక్ష చేయిస్తే 6.8 గ్రాములు! స్త్రీలకు కనీసం 12 ఉండాలి. గోటికి రంగు పట్టినవారికి కనురెప్ప లోపలి భాగం, నాలుక, అరచేయి చూడాలని అప్పుడు తెలిసింది.

మిగతా రంగుల సంగతి. గోళ్ళు, పెదవులు నీలంగా మారి ఊపిరాడకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసుపు కొమ్ములు ఉడకబెట్టే ఇళ్ళలో పచ్చటి గోళ్ళు మామూలే. మందమై పొడిరాలితే మాత్రం అది శిలీంధ్రం కావచ్చు. తెల్లమచ్చలు కాల్షియం లోపమని చాలామంది అంటారు, కాని ఎక్కువగా అవి చిన్న దెబ్బల గుర్తులు. గోరు నెలకు సుమారు 3 మి.మీ. పెరుగుతూ వాటిని బయటికి తోసేస్తుంది. గోరు చాలాభాగం తెల్లబడి కొసన మాత్రమే ఎర్రగా ఉంటే కాలేయాన్ని అనుమానిస్తారు. కొత్తగా నల్లచార వచ్చి వెడల్పవుతుంటే డాక్టరుకు చూపించాలి. గోరు అనుమానం కలిగిస్తుంది, అంతే. తేల్చేది పరీక్షే.

వారం వారం ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి విసిరేసేవాళ్ళలో నేనూ ఉన్నాను. దాంతో మలం నల్లగా వస్తే భయపడొద్దు. భోజనం చేశాక వేసుకోండి, వెంటనే చాయ్ తాగకండి. నిమ్మకాయ, ఉసిరి తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది.

ఆరునెలలు మందులు వాడాక అమ్మకు 11 దాటింది. ఇప్పుడు మైదాకు పెట్టుకున్నా ఎడమచేతి ఉంగరపువేలి గోరు వదిలేస్తుంది. నేను ఇంటికెళ్ళగానే ముందు ఆ వేలే చూపిస్తుంది.

- పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ (జంతుశాస్త్రం)