తండ్రి రంగు బిడ్డకు, తల్లి రంగు కొడుకుకు: జీబ్రా ఫించ్ జతలు కట్టే పద్ధతి

జీబ్రా ఫించ్ పిట్టలు పెంచేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు ఎదురవుతుంది. రెండు తెల్ల పిట్టలను జత కడతారు. గుడ్లు పెడతాయి, పొదుగుతాయి. తీరా పిల్లలకు ఈకలు వచ్చాక చూస్తే అన్నీ బూడిద రంగే! అమ్మినవాడు మోసం చేశాడని కొట్లాటకు పోయేవారూ ఉన్నారు. చాలాసార్లు అందులో మోసమేమీ ఉండదు. ఆ రెండు తెలుపులూ ఒక్కటి కావు, అంతే.

ఈ పిట్ట పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడి అడవి పిట్ట బూడిద రంగులో ఉంటుంది. పోతుకు నారింజ చెంపలు, రొమ్ము మీద సన్న చారలు, ఎర్రటి ముక్కు. పెట్టకు ఆ చెంపలు, చారలు ఉండవు, ముక్కు నారింజ రంగు. పంజరాల్లో తరాల తరబడి పెంచగా ఫాన్ (గోధుమ వన్నె), తెలుపు, మచ్చల పైడ్, సీఎఫ్‌డబ్ల్యూ అనే పాల తెలుపు, తల మీద జుట్టు ఉండే క్రెస్ట్ వంటివి నిలబడ్డాయి. కోడి తర్వాత జన్యుపటం మొత్తం చదివిన రెండో పక్షి ఇదే. ఆ వివరాలు 2010లో వెలువడ్డాయి.

ఇక అసలు సంగతి. మనుషుల్లో ఆడా మగా తేల్చేది తండ్రి అయితే పక్షుల్లో తల్లి. పోతుకు జెడ్ అనే క్రోమోజోములు రెండు, పెట్టకు జెడ్ ఒకటి, డబ్ల్యూ ఒకటి ఉంటాయి. బిడ్డకు జెడ్ తండ్రి నుంచే రావాలి, తల్లి ఇచ్చేది డబ్ల్యూ మాత్రమే. ఫాన్, సీఎఫ్‌డబ్ల్యూ రంగుల గుణం ఈ జెడ్ మీదే ఉంటుంది.

కాబట్టి ఫాన్ పోతుకు బూడిద పెట్టను కడితే బిడ్డలన్నీ ఫాన్, కొడుకులన్నీ బూడిద. అయితే ఆ కొడుకులు ఫాన్ గుణాన్ని లోపల దాచుకుని ఉంటారు. పిట్టల దుకాణాల్లో 'స్ప్లిట్' అనేది వీటినే. అదే జతను తిరగేసి బూడిద పోతుకు ఫాన్ పెట్టను కడితే ఒక్క పిల్ల కూడా ఫాన్‌గా కనబడదు. హుజూరాబాద్, జమ్మికుంట వైపు హైబ్రిడ్ వరి విత్తనం పండించే రైతులకు ఆడ వరుస, మగ వరుస తారుమారు చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇక్కడా అంతే, ఏ రంగు అన్నది ఎంత ముఖ్యమో, అది ఎవరి వైపుది అన్నదీ అంత ముఖ్యం. చారల ప్లిమత్ రాక్ కోడిపెట్టను చారల్లేని నల్ల పుంజుతో దాటిస్తే చారలు పుంజు పిల్లలకే వచ్చేదీ ఇందువల్లనే.

దీంట్లో పైసలకు సంబంధించిన మాట ఒకటుంది. పెట్టకు ఉన్నది ఒక్క జెడ్. దాని మీద ఫాన్ గుణం ఉంటే పైకి కనబడి తీరుతుంది, దాచుకునే వీలు లేదు. 'స్ప్లిట్ ఫాన్ పెట్ట' అంటూ ఎవరైనా ఎక్కువ ధర చెబితే నమ్మకండి. అలాంటి పెట్ట ఉండదు. స్ప్లిట్ అంటే పోతే.

అసలు తెలుపు, పైడ్ మాత్రం జెడ్ మీదివి కావు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే పైకి వస్తాయి. తెల్ల పోతుకు సీఎఫ్‌డబ్ల్యూ పెట్టను కట్టారనుకోండి, ఏ గుణమూ పూర్తి కాక పిల్లలన్నీ బూడిద రంగే. తిరగేసి కడితే బిడ్డలు సీఎఫ్‌డబ్ల్యూ, కొడుకులు బూడిద. కొనేటప్పుడే జర చూసుకోవాలి. సీఎఫ్‌డబ్ల్యూ పిట్టకు కంటి కింద నల్ల గీత, పోతుకైతే చెంపల రంగు కూడా ఉంటాయి. అసలు తెల్లదానికి ఏ గుర్తూ ఉండదు, పోతును ముక్కు ఎరుపును బట్టే పోల్చుకోవాలి.

క్రెస్ట్ దీనికి భిన్నం. ఒక్కరికి జుట్టు ఉన్నా చాలు, సగం పిల్లలకు వస్తుంది. జుట్టు ఎక్కువ వస్తుందన్న ఆశతో రెండు జుట్టు పిట్టలను కలపవద్దు. ఇద్దరి నుంచీ ఆ గుణం అందిన పిండాలు, సుమారు నాలుగో వంతు, గుడ్డులోనే పోతాయి. తేమ చాలలేదని, ఎండ ఎక్కువైందని గూటిని తిడుతూ కూర్చుంటారు.

రంగు నిలబెట్టాలని అన్నాచెల్లెళ్లను కలపడమూ చాలాచోట్ల ఉన్న అలవాటే. రెండు మూడు తరాలకే పిట్టలు చిన్నబడతాయి, గుడ్లు పొదగవు. దానికి బదులు తెల్లదాన్ని బలమైన బూడిద పిట్టతో కట్టండి. వచ్చిన స్ప్లిట్ పిల్లలను వేరే చోట కొన్న తెల్లదానితో కలపండి. సగం పిల్లలు తెల్లగా వస్తాయి, ఒంట్లో సత్తువా ఉంటుంది. ఒక తరం ఆలస్యమవుతుంది నిజమే.

మూడు నెలలకే ఈడుకు వచ్చినా ఆరు నెలలు దాటాకే జత కట్టాలి. నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడతాయి. రెండు వారాలు పొదుగుతాయి, మరో మూడు వారాలకు పిల్లలు గూడు దాటుతాయి. వరుసగా రెండు మూడు ఈతలయ్యాక గూడు తీసేసి విశ్రాంతినివ్వండి. రామగుండం ఎండల్లో, ఆదిలాబాద్ పుష్యమాసపు చలిలో జతలు కట్టకపోవడమే మేలు. కొర్రలు, ఊదలతో పాటు పిల్లలున్నప్పుడు ఉడికిన గుడ్డు పెట్టాలి. ప్రతి పిల్ల కాలికి రింగు వేసి, తల్లిదండ్రుల రంగు నోటుబుక్కులో రాసుకోండి. స్ప్లిట్ పిట్ట చూపుకు దొరకదు, రాతలోనే దొరుకుతుంది.

చివరగా ఒక హెచ్చరిక. మన చేలల్లో తిరిగే మునియా పిట్టలను (కొన్నిచోట్ల జినువాయి అంటారు) పట్టి, రంగులు పులిమి కొత్తరకం ఫించ్‌లని అమ్మేవారున్నారు. తడి గుడ్డతో రెక్క తుడిచి చూడండి. మునియాలను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జీబ్రా ఫించ్‌కు ఆ ఇబ్బంది లేదు. జావా పిచ్చుక వంటి అంతర్జాతీయ జాబితాలోని విదేశీ పిట్టలుంటే మాత్రం 2024 నిబంధనల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.