రైట్ క్లిక్ కొడితే మెనూ ఆలస్యంగా వస్తోందా? తప్పు మీ చేతిది కాదు

 

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగారు. కవితలు రాయడం నాకు చేతకాదు. అందుకని నాకు తెలిసిన పని గురించి ఒక పాఠం రాస్తున్నాను. కంప్యూటర్‌లో మౌస్ కుడి బటన్ నొక్కితే మెనూ వెంటనే రాదు. ఐదు సెకన్లు, పది సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం ఆగి వస్తుంది. దీనికి కారణం ఎలా కనిపెట్టాలి, ఎలా సరిచేయాలి అన్నదే ఈ పాఠం. చిన్న విషయమే. కానీ ఈ చిన్న విషయం వల్లనే నేను ఆరు నెలలు కంప్యూటర్ గదిలో అడుగు పెట్టలేదు.

నా అనుభవం

2006లో నేను పదో తరగతి. అప్పుడు మన హాస్టల్‌లో ఒకే ఒక కంప్యూటర్. మేం 75 మందిమి. ఆదివారాల్లో వంతుల ప్రకారం ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇచ్చేవారు. నా వంతు వచ్చింది. ఒక ఫైలు పేరు మార్చుదామని రైట్ క్లిక్ కొట్టాను. ఏమీ రాలేదు. సరిగా నొక్కలేదేమోనని మళ్లీ కొట్టాను. మళ్లీ మళ్లీ కొట్టాను. చివరికి మెనూ ఒక్కసారిగా వచ్చింది. నేను చూసుకునేలోపే క్లిక్ 'డిలీట్' మీద పడింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో అడిగింది. కంగారులో ఎంటర్ కొట్టాను. ఒక సీనియర్ అన్న కష్టపడి టైపు చేసుకున్న ఫైలు పోయింది.

"పార పట్టుకునే చేతికి మౌస్ ఏం తెలుస్తుందిరా" అని వెనక ఎవరో నవ్వారు. మా ఇంట్లో కంప్యూటర్‌ను ముట్టుకున్న మొదటివాణ్ణి నేనే. అందుకే ఆ మాట నిజమేననుకున్నాను. ఆ తర్వాత నా వంతు వచ్చినా వేరేవాళ్లకు ఇచ్చేసేవాణ్ణి.

కొన్నాళ్లకు కంప్యూటర్ అందరినీ ఏడిపించడం మొదలుపెట్టింది. షాపు అతను వచ్చి చూసి, "ర్యామ్ వెయ్యాలి, 1500 అవుతుంది" అన్నాడు. సబ్బులకు, కొబ్బరినూనెకు మాకిచ్చే కాస్మెటిక్ చార్జీల్లోంచి తలా 20 రూపాయలు వేసుకుందామని అనుకున్నాం. అదే వారం హాస్టల్ చూడడానికి ఒక పూర్వ విద్యార్థి వచ్చాడు. విషయం విని, "డబ్బు కట్టేముందు కారణం తెలుసుకోవాలి కదా తమ్ముడూ" అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గంటసేపట్లో ఒక్క రూపాయి ఖర్చు లేకుండా బాగుచేశాడు. గడువు తీరిపోయిన ఒక వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్ తాలూకు ముక్క అడ్డం పడుతోందని చూపించాడు. అంతేకాదు, రీసైకిల్ బిన్ తెరిచి చూపిస్తే, నేను పోగొట్టాననుకున్న ఫైలు అందులోనే భద్రంగా ఉంది. ఆరు నెలలుగా అక్కడే ఉంది!

ఆ రోజు ఆ అన్న చేసిన పనినే, ఇప్పటి కంప్యూటర్లకు కూడా పనికొచ్చేలా కింద రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుంది?

స్టడీ అవర్‌కు ముందు వార్డెన్ గారు హాజరు తీసుకుంటారు. అందరూ "ప్రజెంట్ సార్" అన్నాకే రిజిస్టర్ మూస్తారు. ఒకడు నిద్రమత్తులో పలకకపోతే మిగతావాళ్లంతా నిలబడాల్సిందే. రైట్ క్లిక్ కూడా ఇంతే.

మీరు ఒక ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టగానే విండోస్‌లోని 'ఎక్స్‌ప్లోరర్' అనే ప్రోగ్రామ్ మెనూ తయారు చేస్తుంది. ఆ మెనూలో తమ పేరు కూడా ఉండాలని కొన్ని సాఫ్ట్‌వేర్లు ముందే నమోదు చేసుకుని ఉంటాయి. వైరస్ స్కాన్ చేసేది, ఫైళ్లను కుదించే విన్‌రార్ లాంటిది, గ్రాఫిక్స్ కార్డుది, ఇలా చాలా ఉంటాయి. ఇవి పెట్టే చిన్న భాగాలను 'షెల్ ఎక్స్‌టెన్షన్లు' అంటారు. ఎక్స్‌ప్లోరర్ వీటిని ఒక్కొక్కటిగా పిలుస్తుంది. ఏ ఒక్కటి పలకడానికి ఆలస్యం చేసినా మెనూ మొత్తం ఆగిపోతుంది. మీరు పదిసార్లు నొక్కినంత మాత్రాన అది త్వరగా రాదు. ఒక్కసారి నొక్కి ఆగండి.

మొదటి మెట్టు: మౌసా, కంప్యూటరా?

ముందు ఇది తేల్చుకోవాలి. ఫైలును ఎంచుకుని, కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఎఫ్10 నొక్కండి. రైట్ క్లిక్ మెనూయే వస్తుంది. కీబోర్డుతో వెంటనే వచ్చి, మౌస్‌తోనే రాకపోతే లోపం మౌస్‌ది. దాన్ని వేరే యూఎస్‌బీ పోర్టుకు పెట్టి చూడండి, లేదా వేరే మౌస్ తెచ్చి చూడండి. కీబోర్డుతో కూడా ఆలస్యమైతే కొత్త మౌస్ కొనడం దండగ. కారణం లోపల ఉంది.

విండోస్ 11 వాడేవారికి ఒక మాట. అందులో రైట్ క్లిక్ కొడితే ముందు చిన్న మెనూ వస్తుంది. 'షో మోర్ ఆప్షన్స్' నొక్కితే పాత పెద్ద మెనూ వస్తుంది. షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే నేరుగా ఈ పెద్ద మెనూయే తెరుచుకుంటుంది. కాబట్టి పోల్చి చూసేటప్పుడు పెద్ద మెనూను పెద్ద మెనూతోనే పోల్చండి.

రెండో మెట్టు: ఎక్కడెక్కడ ఆలస్యం?

ఒకే చోట చూసి నిర్ణయానికి రావద్దు. డెస్క్‌టాప్ ఖాళీ జాగాలో, ఒక ఫైలు మీద, ఒక ఫోల్డర్ మీద, నోట్‌ప్యాడ్ లోపల, నాలుగు చోట్లా రైట్ క్లిక్ కొట్టి ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోండి.

• నాలుగు చోట్లా ఆలస్యమైతే కంప్యూటర్ మొత్తం మీద భారం ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్‌ను, మెమరీని ఏ ప్రోగ్రామ్ తినేస్తోందో అందులో కనిపిస్తుంది. మెమరీ ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటే అప్పుడు ర్యామ్ గురించి ఆలోచించవచ్చు.
• నోట్‌ప్యాడ్‌లో వెంటనే వచ్చి, ఫైళ్ల మీద మాత్రమే ఆలస్యమైతే ఎక్కువగా షెల్ ఎక్స్‌టెన్షన్ మీదే అనుమానం.
• ఒక్క డ్రైవ్‌లోని ఫైళ్ల మీదే ఆలస్యమైతే ఆ డిస్కు పాడవుతూ ఉండవచ్చు. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి.
• ఇప్పుడు అందుబాటులో లేని నెట్‌వర్క్ డ్రైవ్ ఏదైనా ఇంకా కలిపి ఉంటే దాన్ని తీసేయండి. లేనిదాని కోసం వెతుకుతూ కంప్యూటర్ ఆగిపోతుంది.

మూడో మెట్టు: సోకులు తగ్గించడం

మెనూ మెల్లగా తేలుతూ రావడం ఒక అలంకారం. పాత కంప్యూటర్‌కు అది భారం. విండోస్ గుర్తు ఉన్న కీతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో 'sysdm.cpl' అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. 'అడ్వాన్స్‌డ్' ట్యాబ్‌లో 'పెర్ఫార్మెన్స్' కింద 'సెట్టింగ్స్' నొక్కితే అలంకారాల జాబితా వస్తుంది. మెనూలు ఫేడ్ లేదా స్లయిడ్ అయ్యే వరుసకు టిక్ తీసేయండి.

ఇది ఉత్త మాట కాదు. విండోస్ ఎక్స్‌పీలో రైట్ క్లిక్ కొట్టగానే ప్రాసెసర్ వాడకం 100 శాతానికి చేరే లోపం ఒకటి ఉండేది. ఈ అలంకారాన్ని ఆపేయడమే దానికి ఉపాయంగా వాడేవారు. ముందు ఎడమ క్లిక్‌తో ఫైలును ఎంచుకుని, తర్వాత రైట్ క్లిక్ కొట్టడం ఇంకో ఉపాయం. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. అలాంటి పాత సిస్టమ్ ఇంకా ఎక్కడైనా ఉంటే టైపింగ్ నేర్చుకోవడానికి వాడుకోండి గాని ఇంటర్నెట్‌కు కలపకండి.

రిజిస్ట్రీలో 'మెనూ షో డిలే' విలువ మార్చమని కొందరు చెబుతారు. దాని మామూలు విలువ 400, అంటే 400 మిల్లీసెకన్లు. ఒక మెనూ పక్కనుంచి ఉపమెనూ తెరుచుకోవడానికి పట్టే సమయం అది. సెకనులో సగం కూడా కాదు. పది సెకన్ల ఆలస్యానికి ఇది మందు కాదు. రిజిస్ట్రీలో పొరపాటు జరిగితే కంప్యూటర్ అసలు లేవకపోవచ్చు. కాబట్టి కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు.

నాలుగో మెట్టు: దొంగను పట్టుకోవడం

ఇదే అసలు పని. ముందు కంట్రోల్ ప్యానెల్‌లో చూసి, ఎవరూ వాడని సాఫ్ట్‌వేర్లను, గడువు తీరినవాటిని తీసేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. చాలాసార్లు ఇక్కడితోనే సరిపోతుంది.

సరిపోకపోతే నిర్‌సాఫ్ట్ వారి 'షెల్ ఎక్స్ వ్యూ' అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. 32 బిట్‌కు, 64 బిట్‌కు వేరువేరుగా దొరుకుతుంది. మీ విండోస్‌కు సరిపోయేది తీసుకోండి. అది షెల్ ఎక్స్‌టెన్షన్లన్నిటినీ పట్టికగా చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్‌వి కానివి గులాబీ రంగులో కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్‌వి ముట్టుకోకండి. మిగతావాటిలో 'కాంటెక్స్ట్ మెనూ' రకానివి చూడండి.

అవి 16 ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి ఆపి చూస్తే 16 సార్లు పరీక్షించాల్సి రావచ్చు. అలా కాకుండా సగం, అంటే 8 ఆపేసి, రీస్టార్ట్ చేసి చూడండి. మెనూ వెంటనే వస్తే దొంగ ఆపిన 8లో ఉన్నాడు. రాకపోతే మిగిలిన 8లో ఉన్నాడు. ఆ 8ని నాలుగు, నాలుగును రెండు, రెండును ఒకటి చేయండి. నాలుగు పరీక్షల్లో దొరికిపోతాడు. లెక్కల క్లాసులో సగం చేయడం ఎందుకని అడిగేవాళ్లకు ఇదే జవాబు. ఇక్కడ ఆపడమంటే చెరిపేయడం కాదు. కావాలంటే మళ్లీ పని చేయించవచ్చు. దొంగ దొరికాక మిగతావాటినన్నిటినీ మామూలుగా పెట్టేయండి.

గుర్తుంచుకోవలసినవి

1. వార్డెన్ గారికో, కంప్యూటర్ సార్‌కో చెప్పి, వారి అనుమతితోనే మొదలుపెట్టండి.
2. ఒకసారికి ఒకే మార్పు చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.
3. చేసిన ప్రతి మార్పునూ నోటుబుక్కులో రాయండి. తర్వాత వచ్చేవాడికి అదే పాఠ్యపుస్తకం.
4. కారణం తెలియకుండా డబ్బు ఖర్చు పెట్టకండి.

చివరిగా ఒక్క మాట. మీ పక్కన కూర్చున్న తమ్ముడు మౌస్‌ను పదేపదే నొక్కుతుంటే నవ్వకండి. బహుశా వాడి ఇంట్లో కంప్యూటర్ ముట్టుకున్న మొదటివాడు వాడే అయ్యుంటాడు. "ఆగరా, అది ఆలస్యం చేస్తోంది, నువ్వు కాదు" అని చెప్పండి. ఆ మాట 2006లో నాకు ఎవరైనా చెప్పి ఉంటే నా ఆరు నెలలు మిగిలేవి. నేను ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేసే పనిలోనే ఉన్నాను. ఆ పార పట్టుకునే చేతులతోనే.

— మీ పూర్వ విద్యార్థి