కనుమ నాడు పశువులకే కాదు, మనుషులకూ

సంక్రాంతి మన కృతజ్ఞతల పండుగ. పెద్ద పండుగ నాడు పోయినవారిని తలచుకుని కొత్త బట్టలు పెడతాం. కనుమ నాడు ఏడాదంతా చాకిరీ చేసిన ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కడతాం. పల్నాడులోని వెల్దుర్తి లాంటి ఊళ్లలో మట్టికీ, పశువుకీ, పితృదేవతలకూ దక్కే ఆ గౌరవం, కళ్లెదుట తిరిగే మనుషులకు మాత్రం మాటగా అందదు. తెల్లవారకముందే లేచి, అరిసెలు వండి, అందరికీ వడ్డించి, చివర్న తినే అమ్మతో "ఇంత చేశావమ్మా" అనేవాళ్లు ఎందరు?

పండుగకు అందరూ కలిసినప్పుడు సంతోషంతోపాటు పోలికలూ వస్తాయి. తమ్ముడి కొత్త కారు, అన్న మిరప తోట మీద పెరిగిన అప్పు, "ఇంకా ఉద్యోగం రాలేదా?" అనే ప్రశ్న. పోలిక మొదలైతే మనసు లేనివాటినే లెక్కపెడుతుంది. కృతజ్ఞత మన చూపును ఉన్నవాటి మీదికి తిప్పుతుంది.

అమెరికా మనస్తత్వవేత్తలు రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్‌కలో 2003లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతే చెప్పింది. వారానికోసారి చొప్పున 10 వారాలు, తమకు జరిగిన మేళ్లను రాసుకున్నవారు, చికాకులను రాసుకున్నవారికన్నా జీవితం పట్ల ఎక్కువ తృప్తితో, ఆశతో ఉన్నారు.

మరి సొంతవాళ్లకు కృతజ్ఞత చెప్పడానికి నోరెందుకు రాదు? ఎబ్బెట్టుగా ఉంటుందని భయం. పరిశోధకులు అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ఆ భయాన్నే పరీక్షించారు. కృతజ్ఞతతో ఉత్తరం రాసినవాళ్లు, అందుకున్నవారు ఇబ్బంది పడతారని ఎక్కువగా, సంతోషిస్తారని తక్కువగా అంచనా వేశారు. నిజానికి అందుకున్నవారి ఆనందం ఆ అంచనాను దాటింది.

చెప్పేటప్పుడు చేసిన మేలును పేరుపెట్టి చెప్పాలి. "వదినా, నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిల్లల్ని నువ్వే చూసుకున్నావు, అందుకే నేను నిబ్బరంగా ఉండగలిగాను" అంటే ఆ మాట గుండెలో నిలుస్తుంది. మాటతోపాటు చేయీ కలవాలి. పొగిడి, ఎంగిలి కంచం అక్కడే వదిలేస్తే అది కృతజ్ఞత కాదు. మిరప కోతకు వచ్చే కూలీ అక్కనూ ఈ వరసలో మరవకూడదు. కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద భోజనానికి కూర్చోబెట్టిన పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడును కారంపూడి వీరుల ఉత్సవాల్లో నేటికీ తలచుకునే నేల మనది.

అయితే కృతజ్ఞత పేరుతో బాధను దాచిపెట్టమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. అప్పుల దిగులున్న అన్నకు "ఉన్నదాంతో తృప్తిపడు" అనే నీతికన్నా, పక్కన కూర్చుని వినే మనిషి అవసరం. దిగులు రోజుల తరబడి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఈ కనుమకు ఊరెళ్తున్నారా? మీ బతుకు నిలబెట్టిన ఒక్క మనిషిని ఎంచుకోండి. వాళ్లు చేసిన మేలేమిటో ఎదురుగా కూర్చుని చెప్పండి. పోయినవారికి పెట్టే దండం ఎంత ముఖ్యమో, ఉన్నవారికి చెప్పే ఈ మాట అంతకన్నా ముఖ్యం.