పేరు అదే, చిరునామా మారింది! - డీఎన్ఎస్ రికార్డుల నిర్వహణ



మన నిడదవోలు ఏ జిల్లాలో ఉంది? నేను హాస్టల్లో చదువుకున్న రోజుల్లో ఈ ప్రశ్నకు "పశ్చిమ గోదావరి" అని రాస్తే మార్కు పడేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక సరైన జవాబు "తూర్పు గోదావరి". ఊరు అంగుళం కూడా కదలలేదు. రైల్వే జంక్షను అక్కడే ఉంది. పేరూ అదే. మారింది జవాబు మాత్రమే. అయినా పాత అట్లాసు చూసి చెప్పేవారు ఇప్పటికీ పాత జవాబే చెబుతారు. వారు అబద్ధం ఆడటం లేదు. తమ దగ్గర ఉన్న కాగితం చూసి చెబుతున్నారు, అంతే.

ఇంటర్నెట్‌లో కూడా ఇలాంటిదే జరుగుతుంది. అక్కడ పేర్లకు జవాబు చెప్పే ఏర్పాటునే డీఎన్ఎస్, అంటే డొమైన్ నేమ్ సిస్టమ్ అంటారు. ఆ జవాబులను ఎలా రాయాలి, ఎలా మార్చాలి అన్నదే ఈ పాఠం.

డీఎన్ఎస్ ఎందుకు వచ్చింది?

కంప్యూటర్లు ఒకదానినొకటి ఐపీ అడ్రసు అనే అంకెలతో గుర్తిస్తాయి. మనకు అంకెలకన్నా పేర్లు గుర్తుంటాయి. మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పేర్లు, అంకెలు అన్నీ ఒకే ఫైలులో రాసి ఉంచేవారు. అందరూ దాన్ని నకలు తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ ఒక్క పట్టీని సరిగా ఉంచడం కష్టమైంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. 1984లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో నలుగురు పీజీ విద్యార్థులు దానికోసం బైండ్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. ఈనాటికీ ఎన్నో సర్వర్లలో బైండే పనిచేస్తోంది. అంత పెద్ద పని మొదలుపెట్టింది మనలాంటి విద్యార్థులేనని గమనించండి.

డీఎన్ఎస్‌లో అన్నీ ఒకరి దగ్గరే ఉండవు. మన కంప్యూటరు ఒక పేరు అడిగితే, మన తరఫున వెతికే సర్వరు ముందుగా రూట్ సర్వర్లను అడుగుతుంది. వాటికి 13 పేర్లున్నాయి, ప్రపంచమంతటా వాటి నకళ్ళు ఉన్నాయి. చివర "ఇన్" అని ఉంటే, ఆ పేర్లను చూసే సర్వర్ల దగ్గరకు రూటు పంపుతుంది. ఆ రిజిస్ట్రీని 2005 నుంచి మన దేశంలోని నిక్సీ సంస్థ చూస్తోంది. వారు ఆ సంస్థ సొంత సర్వరును చూపిస్తారు. ఆఖరి జవాబు అక్కడ దొరుకుతుంది. కొత్త మనిషి ఊళ్ళోకి వచ్చి కూడలిలో ఒకరిని, వీధి మొదట్లో ఒకరిని అడుగుతూ ఇల్లు చేరినట్టన్నమాట.

ముఖ్యమైన రికార్డులు

ఒక డొమైనుకు సంబంధించిన జవాబులన్నీ ఉండే పట్టీని జోన్ అంటారు. అందులోని ఒక్కో వరుస ఒక్కో రికార్డు.

1. ఏ రికార్డు: పేరుకు ఐపీ అడ్రసు చెబుతుంది. కొత్త తరం పొడవాటి అడ్రసులకైతే ఏఏఏఏ రికార్డు.
2. సీనేమ్: ఒక పేరుకు మారుపేరు. మారుపేరు పెట్టిన చోట అదే పేరుతో వేరే రకం రికార్డు పెట్టకూడదు.
3. ఎమ్ఎక్స్: ఈమెయిలు ఏ సర్వరుకు వెళ్ళాలో చెబుతుంది. చిన్న అంకె ఉన్నదానికే మొదటి ప్రాధాన్యం. ఇక్కడ అంకెల అడ్రసు కాదు, సర్వరు పేరు రాయాలి.
4. ఎన్ఎస్: ఈ జోన్‌కు జవాబుదారీ ఏ సర్వర్లో చెబుతుంది.
5. టీఎక్స్‌టీ: డొమైను మనదేనని రుజువు చేయడానికి, మన పేరుతో దొంగ మెయిళ్ళు వెళ్ళకుండా చూడటానికి వాడే మాటలు ఇందులో రాస్తారు.
6. ఎస్ఓఏ: జోన్ తలకట్టు. ఇందులో ఉండే సీరియల్ నంబరు చాలా ముఖ్యం.

వెబ్‌మిన్‌తో సాధన

బైండ్ ఫైళ్ళను చేత్తో రాయవచ్చు. కానీ కొత్తవారికి వెబ్‌మిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తేలిక. జేమీ కామెరాన్ దీన్ని 1997లో విడుదల చేశారు. లినక్స్ ఉన్న ఒక పాత కంప్యూటరు చాలు. బైండ్, వెబ్‌మిన్ రెండూ ఎక్కించాక, బ్రౌజరులో ఆ కంప్యూటరు అడ్రసును 10000 పోర్టుతో తెరిస్తే వెబ్‌మిన్ కనిపిస్తుంది. సర్వర్స్ విభాగంలో బైండ్ డీఎన్ఎస్ సర్వర్ ఉంటుంది. అక్కడ కొత్త జోన్ తయారు చేయండి. పేరుకు చివర "టెస్ట్" అని పెట్టండి. ఆ చివరిపేరును 1999లోనే పరీక్షల కోసం కేటాయించారు కనుక బయటివారి పేర్లతో తగాదా రాదు. "హాస్టల్.టెస్ట్" అని జోన్ పెట్టి, "లైబ్రరీ" అనే పేరుకు 192.168.1.10 అని ఏ రికార్డు చేర్చండి. తరువాత అప్లై కాన్ఫిగరేషన్ బటను నొక్కాలి. అది నొక్కేదాకా మార్పు ఫైలులోనే ఉంటుంది, సర్వరుకు తెలియదు.

ఇక్కడ కొత్తవారు చేసే తప్పులు రెండు. మొదటిది చుక్క. రికార్డులో పూర్తి పేరు రాసినప్పుడు చివర చుక్క పెట్టాలి. పెట్టకపోతే బైండ్ ఆ పేరు వెనక జోన్ పేరును మళ్ళీ తగిలిస్తుంది. "లైబ్రరీ.హాస్టల్.టెస్ట్" కాస్తా "లైబ్రరీ.హాస్టల్.టెస్ట్.హాస్టల్.టెస్ట్" అయి కూర్చుంటుంది. రెండవది సీరియల్ నంబరు. రెండో సర్వరు ఈ నంబరు పెరిగిందా లేదా అని చూసి, పెరిగితేనే కొత్త నకలు తీసుకుంటుంది. చేత్తో మార్చి నంబరు పెంచకపోతే ఒక సర్వరు కొత్త జవాబు, ఇంకొకటి పాత జవాబు చెబుతాయి.

వెబ్‌మిన్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచవద్దు. ఎప్పటికప్పుడు కొత్త వెర్షను ఎక్కించుకోవాలి. 2019 ఆగస్టులో దాని కొన్ని వెర్షన్లలో ఎవరో దొంగదారి చొప్పించినట్టు బయటపడింది. 1.930 వెర్షనుతో దాన్ని సరిచేశారు.

నేను చేసిన తప్పు

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను. పీజీ ప్రాజెక్టు రోజుల్లో ఒక సంస్థ వెబ్‌సైటు పని నాకు అప్పగించారు. ప్రవేశాల దరఖాస్తులు ఆ సైటులోనే తీసుకుంటున్నారు. సైటును కొత్త సర్వరుకు మార్చాలి. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు ఏ రికార్డులో కొత్త అడ్రసు రాశాను. అప్లై నొక్కాను. నా కంప్యూటరులో కొత్త సైటు చక్కగా తెరుచుకుంది. పని అయిపోయిందనుకుని పాత సర్వరును ఆపించేశాను.

మర్నాడే దరఖాస్తులకు ఆఖరి రోజు. పొద్దున్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కొందరికి సైటు తెరుచుకుంటోంది, కొందరికి లేదు. ఒక తండ్రి నెట్ సెంటరు నుంచి ఫోన్ చేశాడు. "బాబూ, ఇయ్యాళ కూలి పని మానుకుని మా పిల్లను తీసుకొచ్చాను. పొద్దుట్నుంచీ తిరుగుతానే ఉంది, తెరుచుకోటంలేదు" అన్నాడు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నా ఇంటరు దరఖాస్తు రోజున ఆయన కూడా నాట్లు వదిలేసి నాతో నెట్ సెంటరు బయట నిలబడ్డాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. ఆ రోజు సైటు తెరుచుకోకపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

జరిగింది ఏమిటంటే, ప్రతి రికార్డుకూ టీటీఎల్ అనే గడువు ఉంటుంది. జవాబు తీసుకున్న సర్వర్లు ఆ గడువు తీరేదాకా దాన్ని దాచుకుని, మళ్ళీ అడగకుండా అదే చెబుతాయి. ఆ రికార్డుకు 86400 సెకన్లు, అంటే 24 గంటలు ఉంది. శుక్రవారం సాయంత్రం పాత జవాబు తీసుకున్న సర్వర్లు శనివారం సాయంత్రం దాకా అదే చెబుతున్నాయి. నా కంప్యూటరు మా సొంత డీఎన్ఎస్ సర్వరునే అడిగింది కనుక నాకు కొత్తది కనిపించింది. బయటివారు దాచుకున్న జవాబును మనం వెనక్కి తీసుకోలేం. చివరకు మధ్యాహ్నానికి పాత సర్వరును మళ్ళీ ఆన్ చేయించి, వచ్చినవారిని కొత్తదానికి పంపేలా ఏర్పాటు చేశాం. సంస్థవారు గడువు రెండు రోజులు పెంచారు కాబట్టి బయటపడ్డాం. నేను చేసిన రికార్డులో అక్షరం తప్పు లేదు. తప్పంతా ముందురోజు చేయని పనిలో ఉంది.

చేయవలసిన పద్ధతి

1. పాత టీటీఎల్ ఎంతో చూడండి. 24 గంటలైతే, మార్పుకు కనీసం అంతకు ముందే దాన్ని 300 సెకన్లకు తగ్గించి, పూర్తిగా 24 గంటలు ఆగండి.
2. జోన్ ఫైలుకు నకలు తీసి పెట్టుకోండి.
3. ఆఖరి తేదీ దగ్గర పడినప్పుడు మార్పు పెట్టుకోవద్దు.
4. మార్చాక సొంత కంప్యూటరులో చూసి సంతోషపడవద్దు. డిగ్ లేదా ఎన్ఎస్‌లుకప్ కమాండుతో వేరువేరు సర్వర్లను అడగండి. వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోనులో కూడా చూడండి.
5. పాత సర్వరును కొన్ని రోజులు నడవనివ్వండి.
6. అంతా కుదుటపడ్డాక టీటీఎల్ మళ్ళీ పెంచండి.

పెద్దవారికీ ఇలాంటి దెబ్బలు తప్పలేదు. 2021 అక్టోబరు 4 రాత్రి మన దగ్గర వాట్సాప్, ఫేస్‌బుక్ ఆగిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వల్ల ఫేస్‌బుక్ డీఎన్ఎస్ సర్వర్లకు చేరే దారులు ఇంటర్నెట్ నుంచి తొలగిపోయాయి. రికార్డులు ఎక్కడివక్కడే ఉన్నాయి, అడిగేవారికి దారే లేదు. సుమారు ఆరు గంటలు పట్టింది బాగుపడటానికి.

తమ్ముళ్ళూ, ఈ విద్యకు డబ్బు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత కంప్యూటరు చాలు. ఇద్దరు స్నేహితులు కలిసి ఒక ఆదివారం కూర్చుంటే మొదటి జోన్ పనిచేస్తుంది. రేపు మీలో ఎవరైనా ఈ ఉద్యోగంలో చేరితే, అప్లై బటను నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. అవతల నెట్ సెంటరులో కూలి మానుకుని నిలబడిన ఒక నాన్న ఉన్నాడని గుర్తు చేసుకోండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్నయ్య,
హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ.