సంతకం పెట్టే ముందు

రింగ్ రోడ్, సూరత్

చిరంజీవి బిడ్డకు,

ఫోన్‌లో మాట్లాడదామంటే లింబాయత్‌లో మీ ఇంటి నిండా మనుషులే. రొమ్ము క్యాన్సర్ మాట ఎత్తగానే నువ్వు ఊఁ కొట్టి పెట్టేస్తున్నావు. అందుకే మార్కెట్లో గిరాకీ తగ్గాక, చీరల కట్టల మధ్య కూర్చుని ఇది రాస్తున్నా.

"మొత్తం తీసేస్తే పీడ పోతది" అని మీ అత్తమ్మ అంటున్నదట. ఆమెను తప్పు పట్టలేం, ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లూ అదే నమ్మారు. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలో బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) అన్నీ తీసేసేవాడు. 1894లో దాని గురించి రాశాడు కూడా. ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్ళు ఆడవాళ్ళ మీద అదే కత్తి నడిచింది. 1970లలో ఇటలీలో వెరొనేసి, అమెరికాలో ఫిషర్ దాన్ని పరీక్షకు పెట్టారు. కొందరికి రొమ్మంతా, కొందరికి గడ్డ వరకే తీసి, ఇరవై ఏళ్ళు వెంట ఉండి చూశారు. 2002లో తేలిందేమిటంటే, ఆయుష్షులో తేడా లేదు.

అయితే గడ్డ వరకే తీయించుకుంటే రేడియేషన్ తప్పదు. మనోళ్ళు కరెంటు పెట్టుడు అంటారే, అదే. ఫిషర్ చూసినవాళ్ళలో అది తీసుకోనివాళ్ళకు నూటికి 39 మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది, తీసుకున్నవాళ్ళలో 14 మందికే. మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు తిరగాలి. కూలి పోతుందని భయపడి చాలామంది మొత్తం తీయించుకుంటారు. బిళ్ళలకు పాకి ఉంటే మొత్తం తీశాక కూడా కరెంటు పెట్టాల్సి రావచ్చని వాళ్ళకెవరూ చెప్పరు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. మజూరా గేటు దగ్గర కొత్త సివిల్ ఆసుపత్రి ఆవరణలోనే లయన్స్ క్యాన్సర్ సెంటర్ ఉంది. ఆటోకు పోయి రావచ్చు, నీ వెంట నేనొస్తా.

నాకు మొత్తం తీశారు కదా అంటావు. నాకు ఒకే రొమ్ములో దూరదూరంగా రెండుచోట్ల గడ్డలుండేవి, నాకది సరైన ఆపరేషనే. నీది ఒక్కచోటే ఉంది, రెండు సెంటీమీటర్ల కంటే కొంచెమే ఎక్కువ. నాకూ నీకూ వచ్చింది కాబట్టి జీన్ పరీక్ష గురించి మాత్రం తప్పక అడుగు. బి.ఆర్.సి.ఎ. లోపం బయటపడితే లెక్క మారుతుంది, అప్పుడు మొత్తం తీయించుకోవడమే మేలని డాక్టర్లే అనవచ్చు.

చంక సంగతి రొమ్ము కంటే ముఖ్యం. నాకు బిళ్ళలన్నీ తీశారు. ఆపరేషన్ తర్వాత గొట్టానికి వేలాడే సీసాలో నీరు ఎంత దిగిందో రోజూ కొలిచి రాసుకున్నా. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించే వ్యాయామం ఏడుస్తూనే చేశా. ఇప్పటికీ ఆ చేత్తో బరువైన కట్ట ఎత్తితే సాయంత్రానికి వాపు. పరీక్షల్లో చంక శుభ్రంగా ఉన్నవాళ్ళకు ఇప్పుడు నీలం రంగు మందు ఎక్కించి, అది ముందుగా చేరిన ఒకటి రెండు బిళ్ళలే తీసి చూస్తారు. వాటిలో జబ్బు లేకపోతే మిగతావి ముట్టుకోరు. మర్నాడు ఒంటేలు ఆకుపచ్చగానో నీలంగానో వస్తే గాబరా పడకు, రంగు బయటికి పోతున్నదంతే.

డాక్టరును అడుగు: గడ్డ వరకే తీయడం కుదురుతుందా? ముందు కీమో ఇస్తే గడ్డ చిన్నదవుతుందా? తీసిన ముక్క అంచుల్లో జబ్బు కనిపిస్తే మళ్ళీ ఆపరేషనా? మొత్తమే తీయాల్సి వస్తే, వీపు కండతోనో పొట్ట కొవ్వుతోనో మళ్ళీ రొమ్ము కట్టగలరా? నీ ముప్పై నాలుగేళ్ళ వయసులో ఈ ఆఖరి ప్రశ్న అడగడానికి సిగ్గెందుకు?

ఇవన్నీ విన్నాక నువ్వు మొత్తమే తీయించుకుంటానంటే నేను కాదనను. ఒళ్ళు నీది, సంతకం నీది. మీ అత్తమ్మకు నేను చెప్పుకుంటా. ఆపరేషన్ రోజుకు ముందు గుండీలున్న వదులు జాకెట్లు రెండు కుట్టించి పంపుతా, కొలతలు పంపు.

ఇట్లు,
నీ పెద్దమ్మ