యూనిఫాం కంటే ముందు ట్రేడు

హకీంపేట చుట్టుపక్కల కాలనీల్లో చేతక్ హెలికాప్టర్ చప్పుడు వినకుండా పెరిగిన పిల్లలు ఉండరు. అందుకే కాబోలు, అల్వాల్‌లోనో యాప్రాల్‌లోనో ఒక ఇంటర్ విద్యార్థి ‘ఎయిర్‌ఫోర్స్‌లో చేరతా’ అన్నాడంటే ఇంట్లోవాళ్లు పైలట్ అవుతాడనే లెక్కేసుకుంటారు. ఆ కోరికను తప్పుపట్టనక్కర్లేదు. కానీ బేస్‌లో జరిగే పనిలో కాక్‌పిట్ వాటా చాలా చిన్నది. ఒక శిక్షణ జెట్ నేల విడవాలంటే ఇంజను చూసేవారు, ఎయిర్‌ఫ్రేమ్ చూసేవారు, రేడియో, నావిగేషన్ పరికరాలు చూసేవారు ఎవరి భాగానికి వారు సంతకం పెట్టాలి. ఎజెక్షన్ సీటూ పారాచూటూ ఎవరో సరిచూసి ఉండాలి. వాతావరణ విభాగం గాలి, మేఘం సంగతి చెప్పాలి. టవర్‌లో కంట్రోలర్, ఇంధనం బౌజర్ నడిపే డ్రైవర్, రన్‌వే పక్కన ఇంజను ఆపకుండా నిలబడే ఫైర్ టెండర్ సిబ్బంది, పక్షులను తోలేవారు, స్టోర్‌లో ప్రతి నట్టుకూ లెక్క రాసేవారు, వీళ్లందరికీ తెల్లవారకముందే టిఫిన్ వండే మెస్ సిబ్బంది ఉండాలి. ఇంతమందిలో ఎగిరేది ఒకరిద్దరు. కాబట్టి ఈ దారి పట్టాలనుకునేవారు మొదట తేల్చుకోవాల్సింది తమ చేతికి ఏ పని, అంటే ఏ ట్రేడు, పట్టుబడుతుందన్నది. ఏ పరీక్ష రాయాలి, ఏ హోదాలో చేరాలి అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

సికింద్రాబాద్ చుట్టూ ఉన్న స్టేషన్ల స్వభావం చూస్తే ఈ మాటకు బలం దొరుకుతుంది. బేగంపేట నిజాం కాలం నాటి విమానాశ్రయం. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో అక్కడ పైలట్లకు తొలి పాఠాలు నేర్పే పాఠశాల నడిచింది. హకీంపేటలో హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ ఉంది, కిరణ్ జెట్లపై రెండో దశ శిక్షణ దశాబ్దాలుగా సాగింది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 1967 అక్టోబరు 11న అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. అంటే ఇవి ముఖ్యంగా బడులు. బడిలో ఒకే విమానం రోజులో ఎన్నోసార్లు లేస్తుంది, దిగుతుంది. నేర్చుకునేవారి చేతిలో టైర్లు, బ్రేకులు, అండర్‌క్యారేజీ తొందరగా అరుగుతాయి. నేల మీద పనిచేసేవారి మీద భారం ఆ మేరకు పెరుగుతుంది. పైగా విమానాలు మారుతూ ఉంటాయి. దుండిగల్‌లో హెచ్‌పీటీ-32లను 2009లో పక్కన పెట్టాక, 2013లో స్విస్ తయారీ పిలాటస్ పీసీ-7 మార్క్ 2 వచ్చింది. చేతక్ సేవలకు 60 ఏళ్లు నిండిన సందర్భంగా 2022 ఏప్రిల్‌లో హకీంపేటలోనే సదస్సు జరిపారు. దాని స్థానంలోకి తేలికపాటి కొత్త హెలికాప్టర్లను తేవాలన్నది ప్రణాళిక. ఒక విమానాన్ని బట్టీ పట్టినవాడికి ఈ మార్పు భయం పుట్టిస్తుంది. హైడ్రాలిక్స్ అంటే ఏమిటో, సర్క్యూట్ డయాగ్రం ఎలా చదవాలో తెలిసినవాడికి కొత్త మాన్యువల్ మాత్రమే కొత్త.

ట్రేడు ముందు అన్నానంటే, ఆ నిర్ణయం ఎప్పుడు మొదలవుతుందో కూడా చెప్పాలి. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే అది మొదలవుతుంది. ఎంపీసీ తీసుకున్నవారికి ఎన్‌డీఏ, ఆ తర్వాత డిగ్రీతో వాయుసేన అధికారుల ఎంపిక పరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాసి ఫ్లయింగ్ బ్రాంచి, ఇంటర్‌తోనే నాలుగేళ్ల సర్వీసుకు తీసుకునే అగ్నివీర్‌వాయు సైన్స్ విభాగం, ఇవన్నీ తెరిచే ఉంటాయి. ఎంఈసీ తీసుకుంటే గణితం ఉంటుంది గానీ భౌతికశాస్త్రం ఉండదు. ఏఎఫ్‌క్యాట్ ఫ్లయింగ్ బ్రాంచికి ఇంటర్‌లో రెండూ కావాలి. ఈ సంగతి డిగ్రీ చివరి ఏడాదిలో తెలుసుకుని తల పట్టుకునేవారి విషయంలో కాలేజీలకూ బాధ్యత ఉంది. పాలిటెక్నిక్‌ను మన ఇళ్లలో ఇంకా రెండో రకం చదువుగానే చూస్తారు. కానీ మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్ వంటి మూడేళ్ల డిప్లొమా 50 శాతం మార్కులతో పూర్తిచేసినవారు అగ్నివీర్‌వాయు సైన్స్ విభాగానికి అర్హులు. చేతిపని ముందే వచ్చి ఉండటం వారికి అదనపు బలం. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే ఏఎఫ్‌క్యాట్‌లో గ్రౌండ్ డ్యూటీ టెక్నికల్ బ్రాంచి ఉంది; వయసు 20 నుంచి 26. ఫ్లయింగ్‌కు సాధారణంగా 24 దాటకూడదు. పైలట్ అభ్యర్థులకు పెట్టే సీపీఎస్ఎస్ అనే యంత్ర పరీక్ష జీవితంలో ఒక్కసారే. అందులో తప్పితే మళ్లీ ఆ బ్రాంచి ఆశ ఉండదు. పైలట్ ఒక్కటే లక్ష్యంగా పెట్టుకున్నవారు రెండో ఆలోచన సిద్ధంగా ఉంచుకోవాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం, అదీ గట్టిది, అగ్నివీరులను చేర్చుకునే అగ్నిపథ్ పథకం గురించి. 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ఈ పథకం మీద చెలరేగిన నిరసనలో ఒక యువకుడి ప్రాణం పోయింది. ఆ కోపం వెనక ఉన్న ప్రశ్న ఇప్పటికీ న్యాయమైనదే: నాలుగేళ్ల తర్వాత నాలుగింట ఒక వంతు మందినే ఉంచుకుంటే, మిగతావాళ్లు ఏం కావాలి? లెక్కలు దాచకుండా చూద్దాం. నెల ప్యాకేజీ మొదటి ఏడాది 30 వేలు, తర్వాత 33 వేలు, 36,500, చివరి ఏడాది 40 వేలు. ఇందులో 30 శాతం నిధికి పోతుంది కాబట్టి మొదటి ఏడాది చేతికి వచ్చేది 21 వేలు. నాలుగేళ్లలో అభ్యర్థి వాటా 5.02 లక్షలు, అంతే మొత్తం ప్రభుత్వం కలిపితే 10.04 లక్షలు, దానిపై వడ్డీ. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. దీన్ని పాత ఎయిర్‌మన్ ఉద్యోగంతో పోలిస్తే అగ్నివీర్‌వాయు తేలిపోతుంది. అప్పట్లో ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత పింఛనుతో బయటికొచ్చి, సైనిక్‌పురిలోనో అల్వాల్‌లోనో ఇల్లు కట్టుకుని, రెండో ఉద్యోగం చూసుకున్న కుటుంబాలు ఈ ప్రాంతం నిండా ఉన్నాయి. ఆ జీవితాన్ని చూసి పెరిగిన పిల్లలకు అదే జీవితం దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

అయితే ఈ అభ్యంతరం ట్రేడు సంగతిని పక్కకు నెట్టేది కాదు, దాన్ని మరింత అత్యవసరం చేసేది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఏ పని చేశామన్నది పెద్ద తేడా తేదు, పింఛను అందరికీ వస్తుంది. నాలుగేళ్ల ఉద్యోగంలో మిగిలేది చేతికి వచ్చిన పనే. వాయుసేన తొలి అగ్నివీర్ బ్యాచి 2022 డిసెంబరు చివర శిక్షణకు చేరింది. వారి నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి. వీరిలో బయటికొచ్చేవారికి హైదరాబాద్ చుట్టూ పని దొరికే చోట్లు కాగితం మీద తక్కువేమీ కావు. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం, ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూసలాజ్‌లు, సీ-130జే విమానాల తోక భాగాలు తయారయ్యే టాటా కర్మాగారాలు, శంషాబాద్‌లో విమానాల మరమ్మతు కేంద్రాలు, అక్కడే 2025 నవంబరులో ప్రారంభోత్సవం జరిగిన సాఫ్రాన్ లీప్ ఇంజన్ల సర్వీసు కేంద్రం ఉన్నాయి. ఐతే వీటి తలుపు ఎయిర్‌ఫోర్స్ సర్టిఫికెట్ చూపగానే తెరుచుకుంటుందనుకోవడం అమాయకత్వం. పౌర విమానానికి సంతకం పెట్టాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు కావాలి, దానికి మాడ్యూళ్ల వారీగా పరీక్షలు రాయాలి. సర్వీసులో ఉన్న నాలుగేళ్లలోనే వాటి పుస్తకాలు చదవడం మొదలుపెట్టినవాడికీ, బయటికొచ్చాక మొదలుపెట్టేవాడికీ చాలా తేడా వస్తుంది.

రెండో అభ్యంతరం మరింత సూటిగా ఉంటుంది: ట్రేడు మనం ఎంచుకుంటామా, వాళ్లు ఇచ్చింది తీసుకుంటామా? నిజమే, కోరిన ట్రేడే ఇస్తామని వాయుసేన హామీ ఇవ్వదు. అవసరాన్ని బట్టి కేటాయిస్తుంది. కానీ సైన్స్ విభాగంలో పరీక్ష రాసినవారికి టెక్నికల్ పనుల అవకాశం ఉంటుంది. కేవలం ఇంగ్లిష్, రీజనింగ్ పేపరుతో వెళ్లినవారికి ఆ అవకాశం తగ్గిపోతుంది. సైన్స్ అర్హత ఉన్నవారు ఒకే సిట్టింగులో రెండు విభాగాల పరీక్షలూ రాయవచ్చు. పూర్తి ఎంపిక మన చేతిలో లేకపోయినా, ఏ గుంపులో నిలబడాలన్నది మన చేతిలోనే ఉంది. పరుగు గురించి కోచింగ్ సెంటర్లు చేసే హడావుడిలో ఈ సంగతి మరుగున పడుతుంది. పురుషులు 1.6 కిలోమీటర్లు ఏడు నిమిషాల్లో పరుగెత్తాలి. మూడు నెలల అలవాటుతో మామూలు ఆరోగ్యం ఉన్న చాలామందికి అది సాధ్యమే. ఫిజిక్స్ మూడు నెలల్లో రాదు.

ఇంటి పక్కనే బేస్ ఉంది కదా, చేరితే ఇక్కడే ఉండొచ్చన్న ఆశ ఒకటి ఉంటుంది. యూనిఫాం వేసుకున్నవారికి అది కుదరదు. ఎయిర్‌మన్ శిక్షణకు బెళగావి వెళ్లాలి, పోస్టింగు జోధ్‌పూర్ కావచ్చు, తేజ్‌పూర్ కావచ్చు. సికింద్రాబాద్ విడవలేని కారణాలు ఉన్నవారు, తల్లిదండ్రులను చూసుకోవాల్సినవారు, చూడాల్సింది పౌర ఉద్యోగాల వైపు. వాయుసేన స్టేషన్లు ఎప్పటికప్పుడు గ్రూప్-సి పౌర పోస్టులకు ప్రకటనలిస్తాయి: ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), కుక్, మెస్ స్టాఫ్, ఎల్‌డీసీ (లోయర్ డివిజన్ క్లర్క్), స్టోర్‌కీపర్, డ్రైవర్ వంటివి. స్టేషన్ల వారీగా ఖాళీలుంటాయి, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో వస్తాయి. ఎంటీఎస్‌కు పదో తరగతి చాలు. ఎల్‌డీసీకి ఇంటర్‌తో పాటు నిమిషానికి 35 ఇంగ్లిష్ పదాల టైపింగ్ కావాలి. బేస్ భవనాలు, కరెంటు, నీరు చూసే ఎంఈఎస్‌లో జూనియర్ ఇంజినీర్ పోస్టులు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ ద్వారా భర్తీ అవుతాయి. మన సివిల్, ఎలక్ట్రికల్ డిప్లొమా విద్యార్థులు వీటిని పట్టించుకోకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. సికింద్రాబాద్‌లోని డిఫెన్స్ అకౌంట్స్ కార్యాలయంలో ఆడిటర్ ఉద్యోగానికి కామర్స్ డిగ్రీవాళ్లు అదే కమిషన్ జరిపే సీజీఎల్ పరీక్ష రాసి రావచ్చు. ఇవి కూడా బదిలీ లేనివని చెప్పలేం గానీ, యూనిఫాం ఉద్యోగంలో ఉన్నన్ని ఊళ్లు మాత్రం ఉండవు.

చోటును నమ్ముకున్న పనికీ నైపుణ్యాన్ని నమ్ముకున్న పనికీ తేడా బేగంపేట చూపించింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలవగానే బేగంపేట నుంచి పౌర విమానాలు ఒక్క రాత్రిలో వెళ్లిపోయాయి. మూసివేతను వ్యతిరేకిస్తూ ఆ నెలలోనే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు సమ్మె కూడా చేశారు. రన్‌వే అక్కడే ఉంది. ఎయిర్‌ఫోర్స్ ఉంది, వింగ్స్ ఇండియా విమానయాన ప్రదర్శన అక్కడే జరుగుతోంది. పోయింది ప్రయాణికుల రద్దీ. కంట్రోలర్, టెక్నీషియన్, ఫైర్‌మన్ పని శంషాబాద్‌లోనూ అదే పని. గేటు ముందు టాక్సీ స్టాండును, టీకొట్టును నమ్ముకున్న పని అలా మూట కట్టుకుని వెళ్లేది కాదు. బేస్‌ల పక్కన వ్యాపారం పెట్టాలనుకునే యువత దీన్ని గమనించాలి. రన్‌వే దరిదాపుల్లో ఎత్తైన కట్టడం కట్టాలంటే అనుమతి కావాలి. పక్షులు విమానాలకు ప్రమాదం కాబట్టి విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు పక్షులను ఆకర్షించేలా పశువధ చేయడాన్ని, చెత్త పోయడాన్ని విమానయాన నిబంధనలు నిషేధిస్తాయి. దారులు మూతపడే ప్రమాదమూ ఉంది: కంటోన్మెంట్ రోడ్ల మూసివేత మీద తిరుమలగిరి, సైనిక్‌పురి వాసులు ఏళ్ల తరబడి పోరాడారు. ఇవన్నీ తెలిశాకే అద్దె అడ్వాన్సు ఇవ్వాలి.

ప్రాణభయం గురించి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు తేలిక సమాధానం లేదు. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి లేచిన పీసీ-7 శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. ఎగిరే పనిలో ఆ ప్రమాదం ఉంది, దాచి లాభం లేదు. నేల మీది ట్రేడుల్లో అది బాగా తక్కువ. అమ్మాయిల సంగతికొస్తే, 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా దుండిగల్‌లోనే కమిషన్ పొందారు. హకీంపేట కిరణ్ జెట్ల మీదే వాళ్లు శిక్షణ పొందారు. ఆ తర్వాత ఎన్‌డీఏ తలుపులూ, అగ్నివీర్‌వాయు తలుపులూ అమ్మాయిలకు తెరుచుకున్నాయి. ఇంకా మిగిలిన ఆటంకం చాలా ఇళ్లలో ఎంపీసీ బదులు బైపీసీ రాయించడమే. ఇక ఐటీ జీతంతో పోలిక తెచ్చేవారికి ఒక్క మాట: మొదటి ఏడాది 21 వేలు చేతికొచ్చినా, ఉండటానికి గది, తినడానికి మెస్, వైద్యం బేస్‌వే. హైటెక్ సిటీ దగ్గర పీజీ అద్దె, బస్సు చార్జీలు తీసేసి చూస్తే ఆ అంతరం మొదట కనిపించినంత పెద్దది కాదు. మూడో ఏడాదికి ఐటీ ముందుకు పోతుందన్నదీ నిజమే. డబ్బే కొలత అయితే ఐటీకే వెళ్లాలి.

ఇక దరఖాస్తు చేసేముందు రెండు జాగ్రత్తలు. అగ్నివీర్‌వాయు ఎంపిక అంతా ఆన్‌లైన్ పరీక్ష, శారీరక, వైద్య పరీక్షల మీదే నడుస్తుంది. లోపల తెలిసినవాళ్లున్నారని లక్షలడిగేవాడు బొల్లారంలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా మోసగాడే. రెండోది, టెక్నికల్ మాన్యువళ్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి, బ్యారక్‌లో మాట హిందీలో నడుస్తుంది. సికింద్రాబాద్ పిల్లలకు హిందీ వీధిలోనే వస్తుంది. తెలుగు మీడియంలో చదివి జిల్లాల నుంచి వచ్చేవారు రోజుకో పేజీ ఇంగ్లిష్ సాంకేతిక పుస్తకం అర్థం చేసుకుంటూ చదివే అలవాటును ఇంటర్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి. ఇంటర్ ఇంగ్లిష్‌లో విడిగా 50 శాతం రాకపోతే మిగతా మార్కులెన్ని ఉన్నా దరఖాస్తు చెల్లదు.