గోగునార - విద్యుత్తు బండ్లు

గోగునారను గూర్చి మన రైతులకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. గట్టున నాలుగు సాళ్లు గోగు వేసి, పలుపులకును పగ్గములకును నార తీసికొనుట పెద్దలనాటి యలవాటు. ప్లాస్టిక్ త్రాళ్లు వచ్చిన పిమ్మట ఆ సాళ్లు పెక్కుచోట్ల పోయినవి. అట్టి నార విద్యుత్తు కారు తలుపులలో చేరినదనిన వినువారికి వింతగా నుండును. బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు 2013 మొదలు 2022 వరకు జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున ఐ3 అను కారును చేసిరి. దాని తలుపుల లోపలి పలకలలో కెనాఫ్ నారను వాడిరి. కెనాఫ్ అనగా మన గోగే. కూరకు వాడు పుల్ల గోంగూర దానికి దగ్గర చుట్టము.

ఇట్లేల చేసిరో బ్రాడీపేట వీధులలో తిరుగుచున్న విద్యుత్తు ఆటోలను చూచినవారికి సులభముగా బోధపడును. పెట్రోలు బండి నడచినకొలది ట్యాంకు తేలికపడును. బ్యాటరీ యన్ననో, ఖాళీయైనను దాని బరువు తగ్గదు. ఐ3 బ్యాటరీ సుమారు 230 కిలోలు. అనగా అయిదు మిర్చి టిక్కీలను దింపకుండ నిత్యము మోయుటయే. అందుచేత బండి యొడలినే తేలిక చేయవలసివచ్చెను. మనుష్యులు కూర్చుండు గూటిని కార్బన్ నారయు రెసిన్ జిగురును కలిపి చేసిరి. ఇది అంతే పరిమాణముగల యుక్కులో ఇంచుమించు అయిదవవంతు బరువుండును.

ఇందలి కిటుకు మన మట్టిగోడలోనే యున్నది. ఉత్త మట్టి యెండి బీటలువారును. ఉత్త గడ్డి నిలువదు. రెంటిని కలిపి త్రొక్కినచో గడ్డి లాగుడునకు ఓర్చును, మట్టి గడ్డిని కదలనీయక పట్టియుంచును. ఇచ్చట మట్టికి బదులు ప్లాస్టిక్ లేక జిగురు, గడ్డికి బదులు నార.

గాజునార నీటికంటె రెండున్నర రెట్లు బరువు. గోగునార ఒకటిన్నర రెట్లే. అయినను గోగునార చెమ్మను పీల్చును, సుమారు 200 డిగ్రీల వేడికి మాడ మొదలిడును. కాబట్టి అది లోపలి పలకలకే గాని, గుద్దులాటకు నిలువవలసిన చట్రమునకు పనికిరాదు. కారంతయు గోగుతోనే చేయుదురని యెవరైన చెప్పినచో నమ్మవలదు.

పత్తి రైతులు మా పంట మాటేమని యడుగుదురు. తూర్పు జర్మనీలో 1957 మొదలు 1991 వరకు చేసిన ట్రాబాంట్ కారునకు ఉక్కు రేకు బదులు, పనికిరాని పత్తి పీచును రెసిన్‌తో అదిమిన పలకలు తొడిగిరి. అట్టివి సుమారు ముప్పది లక్షలు తయారైనవి. ఆ పలక త్రుప్పు పట్టదు. కాని మరల కరగదు గనుక పాతబండ్లను వదిలించుకొనుట కష్టమాయెను.

ఇక మన సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట, కొనువారు తప్పక వత్తురని యొకరు చెప్పగా, మేమే ఒక గ్రామమున గోగు వేయించితిమి. ఎవరును రాలేదు. నార పాకలలో ఎలుకల పాలయ్యెను. వ్రాత లేకుండ మాట నమ్ముట మాదే తప్పు. కొనువారితో సంఘము ధరను వ్రాతమూలముగా కుదుర్చుకొనువరకు ఎవరును అర యెకరము మించి వేయవలదని మా యభిప్రాయము.

ఆ అర యెకరములోనైనను నార తీయు విధము నేర్వవచ్చును. పలుపునకు ఎట్టి నారయైనను చెల్లును. పలకలకు ఒకే తీరుగా, శుభ్రముగా నుండవలెను. పూత సగము వచ్చినప్పుడు కోసి, ఆకు రాల్చి, మెల్లగా కదలు తేటనీట కట్టలను మునుగ నూరవేయవలెను. పశువులు త్రాగు చెరువు పనికిరాదు, నీరు చెడును. కట్టలపై బురదను గాని అరటిబోదెలను గాని బరువు పెట్టినచో నార నల్లబడును. పదవ దినము మొదలు ప్రతిదినము ఒక పుల్లను తీసి చూడుడు. ఎక్కువ యూరిన నారకు బలముండదు. కడిగిన నారను నేలపై పరువక దండెములపై ఆరవేయుడు. విత్తనమును గూర్చి శ్రీకాకుళము జిల్లా ఆముదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానమువారి నడుగవచ్చును.